నాన్నతో ఒక హాకీ సీజన్: అలెన్, 2020-21

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న అలెన్ ఊరి ఐస్ హాకీ జట్టు అలెన్ అమెరికన్స్‌కి ఈ సీజన్ 2021 జూన్‌లో ముగిసింది. డిసెంబరు నుంచి జూన్ దాకా మా ఇంట్లో వారం ఎలా గడవాలో ఆ జట్టే నిర్ణయించింది. నేను, మావారు, మా పదేళ్ళ అబ్బాయి, విజయవాడ నుంచి వచ్చి అనుకోకుండా ఇక్కడే ఉండిపోయిన మా నాన్న. డాలస్ ఉత్తరాన ఫ్రిస్కో, ప్లేనో, మెకినీల్లో మనవాళ్ళు ఇంతమంది ఉన్నాం కదా, పావుగంట దూరంలో ప్రొఫెషనల్ ఐస్ హాకీ ఆడుతున్నారని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు మాత్రం ఎప్పుడు కలిసినా అవే అడుగుతారు. టికెట్టు ఎంత, పిల్లలు కూర్చోగలరా, కోవిడ్‌లో ఎలా వెళ్ళారు, కొట్టుకుంటారట కదా. అందరికీ ముక్కలు ముక్కలుగా చెబుతూ వచ్చాను. మొత్తం ఒకచోట రాద్దామని కూర్చున్నాను.

మొదలుపెట్టాల్సింది 2020 మార్చి నుంచి. నాన్న ఆ జనవరిలో వచ్చారు. అమ్మ పోయాక ఒక్కరే ఉంటున్నారు, మాతో ఆరు నెలలుండి జూలైలో వెళ్ళిపోదామని ఆయన లెక్క. మా అబ్బాయి ఆ జట్టు ఆడే హాలు అలెన్ ఈవెంట్ సెంటర్‌కి ఆనుకుని ఉన్న కమ్యూనిటీ రింక్‌లో స్కేటింగ్ నేర్చుకుంటున్నాడు కాబట్టి మేం అప్పటికే అడపాదడపా మ్యాచ్‌లకి వెళ్ళేవాళ్ళం. మార్చి నెలాఖరు మ్యాచ్‌కి నాన్నకి కూడా టికెట్టు తీశాం. కోవిడ్‌తో 11వ తేదీ రాత్రి బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆగిపోయింది. 12న అలెన్ ఆడే హాకీ లీగ్ ఈసీహెచ్‌ఎల్ ఆగింది. 14న సీజన్ మొత్తం రద్దు చేశారు. ఈ లీగ్ విజేతకిచ్చే కెల్లీ కప్ ఆ ఏడాది ఎవరికీ లేదు. మా టికెట్ల డబ్బు వెనక్కి అడగకుండా తర్వాతి సీజన్‌కి జమ వేయించుకున్నాం, ఆ తర్వాతి సీజన్ అనేది ఉంటుందో లేదో తెలియకుండానే.

తర్వాత విమానాలు ఆగిపోయాయి. నాన్నకిచ్చిన గడువు జూలైతో అయిపోతుంది కాబట్టి జూన్‌లో దాన్ని పొడిగించమని ఐ-539 అనే దరఖాస్తు వేశాం. దరఖాస్తుకి 370 డాలర్లు, వేలిముద్రలకి 85. నెలలు గడిచినా జవాబు రాలేదు. శీతాకాలంలో రెండోసారి కూడా వేయాల్సి వచ్చింది. దాని గురించి రాస్తే అదే ఇంకో వ్యాసం అవుతుంది, వదిలేస్తున్నాను.

నాన్నకి హాకీ పట్టుకున్నది ఆ వేసవిలోనే. క్రికెట్ లేదు, బయటికి వెళ్ళేది లేదు. ఆగస్టులో హాకీలో అన్నిటికంటే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ వాళ్ళు 24 జట్లని కెనడాలో బబుల్‌లో, అంటే బయటివాళ్ళతో కలవనివ్వకుండా పెట్టి, కప్పు తేల్చే చివరి పోటీలైన ప్లేఆఫ్స్ ఆడించారు. మా డాలస్ స్టార్స్ ఎవరూ ఊహించనంత దూరం వెళ్ళి సెప్టెంబరులో స్టాన్లీ కప్ ఫైనల్లో టాంపా బే చేతిలో ఓడిపోయారు. రోజు మార్చి రోజు మ్యాచ్. మనవడు పక్కన కూర్చుని ఆఫ్‌సైడ్ అంటే ఏంటో, ఐసింగ్ అంటే ఏంటో చెబుతుంటే నాన్న ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాసుకున్నారు. నాన్న దక్షిణ మధ్య రైల్వేలో గార్డుగా రిటైరయ్యారు. ఏ పనైనా టైముతో సహా కాగితం మీద పెట్టడం ఆయనకి ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఫైనల్ అయిపోయేసరికి ఆ పుస్తకంలో సగం నిండింది.

అక్టోబరులో కబురొచ్చింది: ఈసీహెచ్‌ఎల్ డిసెంబరు 11న మొదలవుతుంది, ముందు 13 జట్లతోనే. ఎన్‌హెచ్‌ఎల్‌కి టీవీ డబ్బుంది, ఖాళీ స్టేడియంలోనైనా ఆడగలదు. దానికి రెండు మెట్లు కింద ఉన్న ఈ లీగ్ బతికేది గేటు దగ్గర తెగే టికెట్ల మీద. జనాన్ని రానివ్వని చోట ఆడితే మంచు గడ్డకట్టించే కరెంటు ఖర్చు కూడా రాదు. అందుకే ఉత్తరాది జట్లు చాలా ఈ ఏడాది ఆడబోమని తప్పుకున్నాయి. టెక్సస్‌లో సగం సీట్ల వరకు జనాన్ని అనుమతించారు కాబట్టి అలెన్ ఆడుతుంది. చివరికి మొత్తం 14 జట్లు మిగిలాయి.

వెళ్ళాలా వద్దా అని ఇంట్లో రెండు వారాలు చర్చ. నాన్న వయసు 70 దాటింది, షుగరుంది. మేం వెళ్ళొచ్చి ఆయనకి అంటిస్తే? మావారు వద్దన్నారు. విచిత్రంగా వెళ్ళమన్నది నాన్నే. "వాడు ఎనిమిది నెలలుగా ఇంట్లో గోడలు చూస్తున్నాడమ్మా. మాస్కు పెట్టుకుని తీసుకెళ్ళు, నేను నా గదిలో ఉంటా" అన్నారు. చివరికి రెండు సీజన్ సీట్లు తీసుకున్నాం. పాత జమ పోగా ఒక్కో సీటు మ్యాచ్‌కి సుమారు 20 డాలర్లు పడింది. నేనూ అబ్బాయీ ఇద్దరమే వెళ్ళాలి, వచ్చాక స్నానం చేసి బట్టలు మార్చుకున్నాకే నాన్న గదివైపు పోవాలి, మర్నాడంతా ఆయనతో మాస్కుతోనే మాట్లాడాలి. ఈ షరతులు మావారివి. ఏప్రిల్ దాకా ఒక్కసారి కూడా తప్పలేదు.

డిసెంబరులో మొదటి రాత్రి లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకి తగిలిన ఆ చల్లటి గాలి వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి జనం మధ్య నిలబడటం అది. జనం అంటే గుంపులు గుంపులుగా, మధ్యలో ఖాళీ సీట్లు వదిలి కూర్చున్న కుటుంబాలు. మామూలు రోజుల్లో ఆరువేలమంది పట్టే హాలు. సగం ఖాళీగా ఉన్నప్పుడు అంతకుముందు ఎన్నడూ వినపడనివి వినపడ్డాయి. స్కేటు బ్లేడు మంచుని కోసే చప్పుడు, పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) వచ్చి చుట్టూ ఉన్న బోర్డుకి కొట్టుకునే దెబ్బ, బెంచి మీద నుంచి ఒకళ్ళ పేరు ఒకళ్ళు అరుచుకోవడం. అరుపుల్లో పిల్లలు వినకూడని మాటలు కూడా ఉంటాయి, అది ముందే తెలుసుకుని వెళ్ళండి.

నాన్న ఇంట్లో స్ట్రీమ్‌లో చూసేవారు. ఇక్కడొక సంగతి ఎవరూ చెప్పరు: ఆ స్ట్రీమ్ అసలు ఆటకంటే అర నిమిషం వెనక నడుస్తుంది. మొదటి మ్యాచ్‌లో గోల్ పడగానే ఉత్సాహంగా నాన్నకి మెసేజ్ పెట్టాను. ఆయన తెర మీద పక్ ఇంకా అవతలి కొసలో ఉంది. మర్నాడు తలుపు అవతల నుంచి, "అమ్మాయ్, గోలు నన్ను చూడనివ్వు. పీరియడ్ అయ్యాక ఫోన్ చెయ్యి" అన్నారు. అప్పటినుంచి ప్రతి ఇంటర్మిషన్‌కీ ఒక ఫోన్ కాల్ ఖాయమైంది. మంచు తుడిచే జాంబోనీ బండి తిరుగుతుంటే మేం ముగ్గురం ఫోన్లో ఆ 20 నిమిషాల ఆటనీ విప్పి చూసుకునేవాళ్ళం.

ఇక నోట్‌బుక్ సంగతి. నాన్న మ్యాచ్‌కొక పేజీ పెట్టారు. ఎడమవైపు జెర్సీ నెంబర్లు, ఎదురుగా గోల్స్, అసిస్ట్‌లు (గోల్‌కి దారితీసిన పాస్‌లు), పెనాల్టీ నిమిషాలు. మార్జిన్‌లో ఎర్రసిరాతో రెండే మాటలు: "వచ్చాడు", "వెళ్ళాడు". డిసెంబరులో ఆ ఎర్రసిరా తక్కువే. జనవరి చివరికి పేజీ నిండా అదే.

చిన్న లీగ్‌ని కొత్తగా చూడటం మొదలుపెట్టినవాళ్ళకి గుండె కలుక్కుమనేది ఇక్కడే. అలెన్ జట్టు ఈ సీజన్‌లో మిన్నెసోటా వైల్డ్‌కి అనుబంధం. పైన మిన్నెసోటా, మధ్య మెట్టు లీగ్ ఏహెచ్‌ఎల్‌లో అయోవా వైల్డ్, కింద మనం. పైన ఒకరికి దెబ్బ తగిలితే అయోవా నుంచి ఒకరు ఎక్కుతారు, అయోవాలో ఖాళీ మన దగ్గర నుంచి భర్తీ అవుతుంది. ఏటా జరిగేదే ఇది, ఈసారి మాత్రం తీరు వేరు. ఆడని జట్లలోని ఆటగాళ్ళు ఖాళీగా ఉండి ఆడే జట్లకి వచ్చారు. ఏహెచ్‌ఎల్ ఫిబ్రవరి 5 దాకా మొదలు కాలేదు. దాంతో డిసెంబరు, జనవరిల్లో మేం చూసిన ఆట ఆ లీగ్ స్థాయికి మించి ఉంది. పాస్‌లు చూస్తుంటే తెలిసేది. జనవరి 13న ఎన్‌హెచ్‌ఎల్ మొదలైంది, ప్రతి జట్టూ ట్యాక్సీ స్క్వాడ్ అని అదనంగా కొందర్ని వెంటబెట్టుకుంది, ఆ ఖాళీలు పూడ్చడానికి ఒక్కొక్కరే పైకి పోసాగారు. శుక్రవారం రెండు గోల్స్ కొట్టినవాడు ఆదివారం మ్యాచ్‌లో ఉండడు. మా అబ్బాయి ఒక డిఫెన్స్‌మన్ పేరున్న జెర్సీ కావాలని క్రిస్మస్ నుంచి అడుగుతున్నాడు. తీరా కొందామని వెళ్ళేలోపు అతను వేరే జట్టుకి మారిపోయాడు. ఆ రాత్రి వాడు అన్నం తినలేదు.

నాన్న వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "పైకి వెళ్ళినవాడికోసం ఏడుస్తారుట్రా? ప్రమోషన్ వచ్చినవాడిని స్టేషన్‌కి వెళ్ళి సాగనంపుతాం" అన్నారు. వాడు అంతే సూటిగా, "ప్రమోషన్ కాదు తాతయ్యా, ట్రేడ్ చేశారు" అన్నాడు. దానికి నాన్న దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు. ఈ లీగ్‌లో జీతం వారానికి కొన్ని వందల డాలర్లు, జట్టు ఇచ్చే అపార్ట్‌మెంట్. పెళ్ళాం పిల్లలున్నవాళ్ళు కూడా ఉంటారు. ఒక ఫోన్ కాల్‌తో రాష్ట్రం మారిపోవాలి. వీసా మీద బతికిన మాకు ఆ ఫోన్ కాల్ భయం కొత్తది కాదు. అందుకేనేమో ఎర్రసిరా పేర్లని మేం మిగతావాళ్ళకంటే ఎక్కువ పట్టించుకున్నాం. వెళ్ళిపోయిన ఆటగాడు కొత్త జట్టులో గోల్ కొడితే నాన్న వెనక్కి తిప్పి అతని పేజీలో చిన్న టిక్కు పెట్టేవారు.

ఫిబ్రవరి గురించి టెక్సస్‌లో ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు. 14వ తేదీ ఆదివారం మంచు మొదలైంది. తెల్లవారుజామున కరెంటు పోయింది. గంటో రెండు గంటలో అనుకున్నాం, మర్నాడు రాత్రి దాకా రాలేదు. 16న డాలస్‌లో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్. ఇంట్లో గ్యాస్ పొయ్యి ఉండటం మా అదృష్టం. అగ్గిపుల్లతో వెలిగించి నీళ్ళు కాచి సీసాల్లో పోసి నాన్న రజాయిలో పెట్టాను. మంకీ క్యాప్, రెండు స్వెట్టర్లు, చేతులకి మావారి సాక్సులు. అయినా పెదాలు వణుకుతున్నాయి. ఫోన్లు కారులో చార్జింగ్ పెట్టుకున్నాం. కొళాయిలు సన్నగా కారుతూ వదిలేశాం, పైపులు పగలకుండా. కరెంటు ఆదా కోసం డాలస్ స్టార్స్ మ్యాచ్‌లు కూడా వాయిదా వేశారు. ఊరంతా మంచైపోయిన ఆ వారం హాకీ అన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చివరికి ప్లేనోలో కరెంటున్న స్నేహితుల ఇంటికి చేరాం, అప్పటికే అక్కడ రెండు కుటుంబాలున్నాయి. ఆ ఇంటావిడ పెద్ద గిన్నెతో పప్పుచారు కాచింది. నాన్న రెండుసార్లు పోయించుకుని తాగి, గోడకి ఆనుకుని కూర్చున్నచోటే నిద్రపోయారు.

ఆ వారమే నాన్న వ్యాక్సిన్ కూడా. 65 దాటినవాళ్ళకి డిసెంబరు నెలాఖరులోనే అర్హత ఇచ్చారు, కౌంటీ జాబితాలో జనవరి మొదటివారంలో పేరు రాయించాం. ఐదు వారాలకి పిలుపొచ్చింది. సరిగ్గా ఆ తుఫాను వారంలో గురువారానికి. రద్దయింది. మళ్ళీ ఎప్పుడిస్తారో చెప్పే నాథుడు లేక రోజూ ఉదయం ఈమెయిల్ తెరిచి చూసుకోవడమే. ఫిబ్రవరి చివరికి మొదటి డోసు, మార్చి చివరికి రెండోది. కారు దిగకుండానే కిటికీలోంచి వేశారు, డబ్బులేమీ తీసుకోలేదు. రెండో డోసు తర్వాత ఒకరోజు జ్వరం. ఆ జ్వరంలో కూడా మ్యాచ్ చూశారు, నోట్‌బుక్ మాత్రం మనవడికిచ్చి రాయించారు. ఆ పేజీలో అక్షరాలు గుండ్రంగా, పెద్దవిగా ఉంటాయి.

మార్చి 10న టెక్సస్‌లో మాస్కు తప్పనిసరి అన్న నిబంధన ఎత్తేశారు. మేం మానలేదు. చుట్టుపక్కల కొందరు తీసేశారు, ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత కొన్ని మ్యాచ్‌లు నేను ఆటకంటే వెనక వరుసలో దగ్గుతున్న మనిషినే ఎక్కువ గమనించాను. సీజన్ మొత్తంలో నాకు సుఖం లేని రోజులంటే అవే. మార్చి 29న వయోజనులందరికీ వ్యాక్సిన్ తెరిచారు, మాకూ పడ్డాక ఊపిరి తీసుకున్నాను.

నాన్న హాల్లోకి వచ్చింది ఏప్రిల్ రెండోవారంలో. రెండో డోసయ్యాక రెండు వారాలు లెక్కపెట్టుకుని మరీ. ఇంట్లో పులిహోర తిని ఐదున్నరకి బయల్దేరాం. బయటి తిండి లోపలికి రానివ్వరు, లోపల నాచోస్, ప్రెట్జెల్ తప్ప ఆయన తినగలిగేవి లేవు, పాప్‌కార్న్ ఒక్కటీ నయం. బయట ఎండ, ఆయన చేతిలో స్వెట్టరు, మఫ్లరు. టికెట్లు చూసే ఆవిడ మఫ్లరు చూసి నవ్వి, "ఈయనకి తెలుసు" అంది. నిజంగానే మొదటిసారి వచ్చే మనవాళ్ళందరూ టీషర్టులో వచ్చి రెండో పీరియడ్‌కి వణుకుతారు.

సీట్లో కూర్చున్నాక చాలాసేపు మాట్లాడలేదు. టీవీలో ఆట చిన్నదిగా, నెమ్మదిగా కనిపిస్తుంది. మనిషి గంటకి 30 కిలోమీటర్ల వేగంతో వచ్చి అద్దానికి ఢీకొంటే మన కాళ్ళ కింద గచ్చు అదిరింది. నాన్న చేయి నా మోచేతి మీద బిగిసింది. తర్వాత మెల్లిగా ఆయన కళ్ళు పక్‌ని వదిలేసి బెంచివైపు పోయాయి. ఆట ఆగదు, విజిల్ ఉండదు, ముప్పావు నిమిషానికోసారి ఐదుగురు గోడ దూకి లోపలికొస్తారు, ఐదుగురు బయటికి దూకుతారు. "బండి నడుస్తుండగానే డ్రైవరూ గార్డూ దిగి కొత్తవాళ్ళు ఎక్కినట్టుందమ్మా. మాకు బెజవాడలో బండి ఆపితేగానీ అయ్యేది కాదు" అన్నారు. ఆ రాత్రి ఎవరు గోల్ కొట్టారో పెద్దగా పట్టించుకోలేదు ఆయన. వాళ్ళు మారే తీరే చూస్తూ కూర్చున్నారు. కోచ్ స్టీవ్ మార్టిన్సన్ 2012 నుంచి ఈ జట్టుతో ఉన్నాడనీ, 2013 నుంచి 2016 దాకా వరసగా నాలుగేళ్ళు కప్పులు గెలిపించాడనీ, వాటిలో మొదటి రెండు మూతబడిన సెంట్రల్ హాకీ లీగ్‌వనీ మనవడు చెబుతుంటే, "మనుషుల్ని ఎప్పుడు దించాలో తెలిసినవాడు" అన్నారు.

ఒక జాగ్రత్త. గోల్స్ వెనక వల ఉంటుంది, పక్కల్లో అద్దం పైన ఏమీ ఉండదు. గడ్డకట్టించిన రబ్బరు పక్ అద్దం మీదుగా ఎగిరి జనంలోకి వస్తుంది. చిన్న పిల్లలున్నా పెద్దవాళ్ళున్నా మూలల్లో, వల వెనక కూర్చోండి. ఫోన్ చూసుకుంటూ కూర్చోకండి. గోల్ పడ్డప్పుడు మోగే హారన్‌కి చెవులు గింగిరుమంటాయి. నాన్న రెండో మ్యాచ్ నుంచి చెవుల్లో దూది పెట్టుకున్నారు. కొట్లాటల గురించి అడుగుతారు కదా: అవును, కొట్టుకుంటారు. ఇద్దరూ చేతితొడుగులు కింద పడేస్తారు, రిఫరీలు కాసేపు చూసి విడదీస్తారు, చెరి ఐదు నిమిషాలు ఆటకి బయట పెనాల్టీ పెట్టెలో కూర్చోబెడతారు. నాకది ఇప్పటికీ నచ్చదు. ఆట గొప్పగా ఉన్న రాత్రి ఎవరూ కొట్టుకోరు, నేను గమనించింది అదే.

నాన్న వారం రోజులు ఆనందంగా ఉన్నారు. ఆ తర్వాత ఇండియాలో కోవిడ్ రెండో వేవ్.

రాత్రి ఏడుకి ఇక్కడ మ్యాచ్ మొదలైతే విజయవాడలో మర్నాడు ఉదయం ఐదున్నర. మొదటి ఇంటర్మిషన్ వచ్చేసరికి అక్కడ ఊరు లేస్తుంది. డిసెంబరులో ఇంటర్మిషన్ ఫోన్లు మా ఇంటి ఫోన్లు. ఏప్రిల్ చివరికి, ఆట ఆగగానే నాన్న జేబులో ఫోన్ వరసగా మోగేది. రైల్వే పెన్షనర్ల వాట్సాప్ గ్రూపు. ఫలానా గార్డు పోయాడు. ఫలానా ఆయనకి బెడ్ దొరకలేదు. ఒకసారి ఆయన ఫోన్ చూసి, ఏమీ అనకుండా లేచి మెట్లెక్కి సీట్ల వెనక నడవాలోకి వెళ్ళిపోయారు. నేను వెనకాలే వెళ్ళాను. గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు. పోయింది ముప్పై ఏళ్ళు ఒకే రన్నింగ్ రూమ్‌లో (రైలు సిబ్బంది విశ్రాంతి గదిలో) అన్నం వండుకుని తిన్న స్నేహితుడట. ఇంటికి వెళ్దామా నాన్నా అన్నాను. "ఇంటికెళ్ళి ఏం చేస్తానమ్మా. పద, వాడు ఒక్కడే కూర్చున్నాడు" అన్నారు. మిగతా ఆట నేనేమీ చూడలేదు. ఆయన పేజీ మాత్రం పూర్తిచేశారు.

అదే నెలాఖరులో తమ్ముడికీ మరదలికీ పాజిటివ్. మే 5 నుంచి ఆంధ్రాలో మధ్యాహ్నం 12 తర్వాత కర్ఫ్యూ. తను వెళ్ళాలని నాన్న పట్టు. మే 4 నుంచి ఇండియా నుంచి అమెరికా రావడానికి ఆంక్షలు పెట్టారు, మాలో ఎవరైనా వెంట వెళ్తే మా వీసాల మీద తిరిగి రావడం అప్పుడు కుదిరేది కాదు. 70 దాటిన మనిషిని ఒక్కడినే ఆ విమానం ఎక్కించి, ఆ ఊళ్ళోకి పంపడం నా వల్ల కాలేదు. మా ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. రెండు రోజులు సరిగా మాట్లాడుకోలేదు. తమ్ముడు ఆక్సిమీటర్ రీడింగు రోజుకి నాలుగుసార్లు పంపేవాడు, నాన్న వాటిని కూడా ఆ నోట్‌బుక్‌లోనే చివరి పేజీల్లో రాసుకున్నారు. 94, 93, 95, 94. హాస్పిటల్ దాకా పోలేదు. మే మూడోవారానికి ఇద్దరూ తేరుకున్నారు.

ఆ తర్వాత వారాంతం మేం టల్సా వెళ్ళాం. నాన్నని ఇంట్లోంచి బయట పడేయాలనే వెళ్ళాం, ఆటొక సాకు. మా ఈవెంట్ సెంటర్ పక్కనుంచి పోయే 75వ నెంబరు హైవేనే ఎక్కి ఓక్లహోమాలోకి ఉత్తరంగా పోతూ ఉంటే నాలుగు గంటల్లో టల్సా. అక్కడి జట్టు ఆయిలర్స్ ఆడే బీఓకే సెంటర్ మా హాలుకి మూడింతలుంటుంది. ఎదుటివాళ్ళ ఊళ్ళో మన జట్టు జెర్సీ వేసుకున్నవాళ్ళు కనిపిస్తే చేయి ఊపుకోవడం ఒక మర్యాద. అలెన్ నుంచి వచ్చిన ఒక ముసలి దంపతులు మా వెనకే కూర్చున్నారు. ఆయన కూడా ఒక పుస్తకంలో రాసుకుంటున్నాడు. నాన్నా ఆయనా రెండో ఇంటర్మిషన్‌లో పుస్తకాలు మార్చుకుని చూసుకున్నారు. ఆయనకి తెలుగు రాదు, అయినా వేలు పెట్టి ఒక గోల్ తేడా పట్టుకున్నాడు. అసిస్ట్ ఎవరిదనే దాని మీద ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. నాన్న గొంతు పెరగడం నెల తర్వాత అప్పుడే విన్నాను.

జూన్ మొదటివారంలో రెగ్యులర్ సీజన్ అయిపోయింది. అన్ని జట్లూ సమానంగా మ్యాచ్‌లు ఆడలేదు కాబట్టి ఈసారి ర్యాంకులు పాయింట్ల శాతం మీద తేల్చారు. ఫోర్ట్ వేన్ కోమెట్స్ అయితే మొదలుపెట్టిందే ఫిబ్రవరిలో. లీగ్‌ని రెండు కాన్ఫరెన్స్‌లుగా విడదీస్తారు, పశ్చిమ కాన్ఫరెన్స్‌లో మాది మొదటి స్థానం, వాళ్ళది రెండు. ప్లేఆఫ్స్‌కి ఒక్కో కాన్ఫరెన్స్ నుంచి నాలుగు జట్లు, ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లు. మొదట యూటా గ్రిజ్లీస్ మీద గెలిచాం. ప్లేఆఫ్ టికెట్లు సీజన్ సీట్లలో కలవవు, విడిగా కొనాలి. ఇది ముందే బడ్జెట్లో పెట్టుకోండి.

కాన్ఫరెన్స్ ఫైనల్లో ఫోర్ట్ వేన్. డిసెంబరు నుంచి ఆడి ఆడి మావాళ్ళ కాళ్ళు బరువెక్కాయి, వాళ్ళు ఫిబ్రవరిలో దిగినవాళ్ళు. ఇది నా అభిప్రాయం, మావారు ఒప్పుకోరు. వాళ్ళ గోలీయే తేడా అంటారు. ఏదైతేనేం, ఓడిపోయాం. మా అబ్బాయి ఏడవలేదు, నాన్న పక్కకి వెళ్ళి పుస్తకం తీసుకుని చివరి స్కోరు తనే వేశాడు. జూలై మొదట్లో ఫోర్ట్ వేన్ సౌత్ కరోలైనా స్టింగ్‌రేస్‌ని ఓడించి కెల్లీ కప్ ఎత్తింది. ఆ ఫైనల్ కూడా మా ఇంట్లో నడిచింది. "మన మీద గెలిచినవాళ్ళే గెలవాలి" అని నాన్న ఫోర్ట్ వేన్ పక్షం.

ఖర్చు అడుగుతున్నారు కదా. రెండు సీట్లు, ఏప్రిల్ నుంచి మూడో టికెట్టు, ప్లేఆఫ్స్, టల్సా ప్రయాణం, స్ట్రీమ్ చందా, పాప్‌కార్న్, ఒక జెర్సీ అన్నీ కలిపితే నలుగురం ఒక ఎన్‌హెచ్‌ఎల్ సీజన్లో మంచి సీట్లలో ఐదారు మ్యాచ్‌లు చూసే డబ్బుతో మాకు ఆరు నెలలు గడిచాయి. జెర్సీ మీద పేరు వేయించలేదు. అది మా అబ్బాయే తేల్చాడు.

2021-22 సీజన్‌కి తప్పుకున్న జట్లలో చాలావరకు తిరిగొస్తున్నాయని, అయోవా నుంచి, క్యూబెక్‌లోని ట్రోయ్ రివియేర్ నుంచి రెండు కొత్తవి చేరుతున్నాయని ప్రకటించారు. అక్టోబరులోనే మొదలన్నారు. మేం సీట్లు రెన్యూ చేశాం, ఈసారి మూల సెక్షన్‌లో, వల వెనక. నాన్నకి ఈ నెలాఖరున టికెట్టు దొరికింది, దోహా మీదుగా హైదరాబాద్‌కి. స్ట్రీమ్ చందా ఆయన ఫోన్‌లో పెట్టించుకున్నారు. పొద్దున ఐదున్నరకి ఎలాగూ లేస్తాను కదా అంటున్నారు. మేం అక్కడ ఇంటర్నెట్ వేగం చూడమని తమ్ముడికి చెప్పాం.